ఒక మిరపకాయ, రెండు కిలోల కొసరు

మా ఆఫీసు గురించి ఊళ్ళో నానా మాటలూ అంటున్నారు. అనేవాళ్ళలో సగం మంది మా మెట్లు కూడా ఎక్కినవాళ్ళు కారు. నేను ఆ ఆఫీసులో సూపరింటెండెంటుని. ప్రతి సర్క్యులరూ నా చేతి మీదుగానే బయటికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. అంతా విన్నాక కూడా నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సగం విని మాత్రం నవ్వకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

మా సంస్థ పూర్తి పేరు సేంద్రియ ఆహార విశ్వాస ధ్రువీకరణ, పరిరక్షణ మరియు ప్రోత్సాహక ప్రాధికార సంస్థ. ఆ పేరు మా గోడకి పట్టలేదు. చివరి రెండు మాటలు పక్కనున్న పళ్ళ డాక్టరు గారి గోడ మీదికి వెళ్ళాయి. బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్ళు 'ప్రాధికార సంస్థ' అన్న అక్షరాలు చూసి, ఇదేదో సర్కారు ఆఫీసనుకుని ఆ నొప్పితోనే వెనక్కి పోతున్నారని ఆయన గొడవ. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

ఈ సంస్థ పుట్టింది ఒక సర్వే వల్ల. 'మీరు తినే కూరగాయల మీద మీకు నమ్మకం ఉందా?' అని మా ఊరి జనాన్ని అడిగారు. నూటికి ముప్ఫై ఒక్కరు ఉందన్నారు. తక్కినవాళ్ళు 'ఏం చేస్తాం, తినక చస్తామా' అన్నారు. ఆ జవాబు చూసి పైవాళ్ళు కంగారుపడ్డారు. కూరగాయల్లో మందులు తగ్గించాలంటే ఆరు శాఖలు ఒకచోట కూర్చోవాలి. నమ్మకం పెంచడానికైతే ఒక్క శాఖ చాలు. అలా మేం వచ్చాం.

మా డైరెక్టరు డాక్టర్ చామర్తి వరాహమూర్తి గారు. మహా చదువరి. చేరిన రోజే సిబ్బందినందరినీ హాల్లో నిలబెట్టి ఇలా సెలవిచ్చారు.

"నమ్మకమన్నది మనసుకు సంబంధించిన విషయమని లోకం పొరబడుతోంది. కాదు. నమ్మకం కాగితానికి సంబంధించిన విషయం. కాగితం లేనిచోట ఉన్నది నమ్మకం కాదు, ఉత్త అలవాటు. అలవాటును నిర్మూలించి, తత్‌స్థానే నమ్మకాన్ని ప్రతిష్ఠించడమే మన తక్షణ కర్తవ్యం!"

నేను చప్పట్లు కొట్టాను. ఇప్పుడు కొట్టలేదని చెప్పుకోవచ్చు గానీ, కొట్టాను.

మొదటి సర్క్యులరు ఆ వారమే వెళ్ళింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మా ఊరి కూరగాయల బజారులో మా సర్టిఫికెట్ లేని ఏ కూరగాయా అమ్మరాదు. అమ్మితే రెండు హెచ్చరికలు, మూడోసారి దిమ్మ రద్దు. దిమ్మంటే బజారులో ఒక్కొక్కరికీ కేటాయించిన సిమెంటు అరుగు. అలాంటివి రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. వాటిలో గేటు పక్కన మూడోది మజ్జి ఎర్నమ్మది.

ఎర్నమ్మకి ఏటి ఒడ్డున ముప్ఫై సెంట్ల మడి ఉంది. పేడా, బూడిదా, వేపపిండీ తప్ప ఆ మడి ఇంకోటి ఎరగదు. మొగుడు పోయినప్పటి నుంచీ, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆవిడ ఆ దిమ్మ మీద కూర్చునే బతుకుతోంది. ఊళ్ళో సగం వంటిళ్ళు ఆవిడ వంకాయల మీద నడుస్తాయి, మా వంటిల్లుతో సహా. పైగా ఆవిడ చెయ్యి పెద్దది. తూకం అయ్యాక గుప్పెడు పచ్చిమిర్చీ, రెండు కరివేపాకు రెమ్మలూ, ఒక కొత్తిమీర కట్టా సంచిలో పడేస్తుంది. కొసరు కోసం నోరు తెరిచి అడగాల్సిన పని ఆవిడ దగ్గర ఎవరికీ రాలేదు.

సర్టిఫికెట్ కోసం మొట్టమొదట మా ఆఫీసుకి వచ్చింది కూడా ఆవిడే. దరఖాస్తు ఇరవై ఏడు పేజీలు. నేనే దగ్గర కూర్చోబెట్టుకుని నింపుతున్నాను. నాలుగో పేజీలో బండి ఆగిపోయింది.

"ఇంతకు ముందు మీ పొలంలో ఏయే రసాయన మందులు వాడేవారు?" అని చదివాను.

"ఏవీ నేదు బాబూ."

"'ఏవీ లేవు' అనడానికి ఇక్కడ గడి లేదమ్మా. పది మందుల పేర్లున్నాయి, ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి."

"కొట్టని మందుకి టిక్కెలా పెడతారు బాబూ?"

న్యాయమైన సందేహమే. ఆవిడని వెంటబెట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన నాలుగో పేజీ చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మన పథకం పేరేమిటి? పరివర్తన పథకం. రసాయనం నుంచి సేంద్రియానికి మూడేళ్ళ పరివర్తన. ఈవిడ దేన్నుంచి పరివర్తన చెందుతుంది? బయలుదేరిన చోటే లేని ప్రయాణాన్ని నేను ఏ ప్రాతిపదికన ధ్రువీకరించాలి?"

"మరి నన్నేటి సెయ్యమంటారు బాబూ?"

"ఒక్క పంటకాలం మందులు కొట్టు. కావాలంటే సబ్సిడీ మీద ఇప్పిస్తాను. ఆపైన మానెయ్యి. మానేసిన రోజు నుంచి మూడేళ్ళు లెక్కపెట్టి, సగౌరవంగా సర్టిఫికెట్ ఇస్తాం."

ఎర్నమ్మ ఆయన్ని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది.

"తాగుడు మానేసినోడికి బగుమానం ఇత్తాం, నువ్వు తాగవు కాబట్టి ముందు తాగడం నేర్సుకో అన్నట్టుంది బాబూ."

"పోలిక బాగుంది. కానీ నిబంధనల్లో లేదు" అన్నారు డైరెక్టరు గారు.

"నాను మందు కొట్టను. కొడితే ఆ కాయలు ఎవుల్కి అమ్మాల? నా దగ్గర కొనీది నా మనుసులే గదా" అంటూ ఎర్నమ్మ కొంగు దులుపుకుని లేచిపోయింది. మెట్ల దగ్గర ఆగి, "నా దిమ్మ పోద్దేటి బాబూ?" అని నన్నడిగింది. నేను దరఖాస్తు పేజీలు సర్దుకోసాగాను.

ఆ సాయంత్రం మా ఆవిడ విశాలాక్షి నన్ను నిలదీసింది.

"ఒకటో తారీకు తర్వాత కూరలెక్కడ కొనమంటారు?"

"సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ దగ్గర."

"ఎవరికుంది?"

"ఇంకా ఎవరికీ లేదు."

"అయితే ఆ సర్క్యులరే తాలింపు పెట్టి వడ్డిస్తాను, తిందురు గాని" అని లోపలికి వెళ్ళిపోయింది. అన్నంత పనీ చేసే మనిషి కాబట్టి నాకు కాస్త గుబులుగానే ఉండింది.

నెలాఖర్లో బజారులో ప్రారంభోత్సవం చేశాం. షామియానా, మైకు, అన్నీ ఉన్నాయి. ప్రతి దిమ్మకీ ఒక కుండీలో మిరప మొక్క బహూకరించాం. మా సొంత నర్సరీలో పెంచినవి. దాని పేరు విశ్వాస మొక్క. ఒక్కొక్క మొక్కకీ పది పన్నెండు కాయలు, మెడలో సర్టిఫికెట్ నంబరు. ఆ రోజుకి మా ఊళ్ళో సర్టిఫికెట్ ఉన్న తినే వస్తువులు ఆ మిరపకాయలొక్కటే.

ఒకటో తేదీ ఉదయం డైరెక్టరు గారూ నేనూ తనిఖీకి వెళ్ళాం. అన్ని దిమ్మల మీదా గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. గేటు పక్క మూడో దిమ్మ దగ్గర మాత్రం తిరునాళ్ళలా జనం. ఎర్నమ్మ మధ్యలో కూర్చుంది. ఒకవైపు విశ్వాస మొక్క, రెండో వైపు వంకాయల గుట్ట. వరసలో అందరికంటే ముందు మా ఆవిడ నిలబడి ఉంది. నా వైపు చూడనైనా చూడలేదు.

"ఒక మిరపకాయ ఇయ్యవే ఎర్నమ్మా."

ఎర్నమ్మ మొక్క నుంచి ఒక కాయ తెంపి, కళ్ళకద్దుకుని, మా ఆవిడ చేతిలో పెట్టింది.

"నూట పది రూపాయలమ్మా."

మా ఆవిడ బేరమాడకుండా ఇచ్చేసింది! పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అలాంటిది నేను చూడలేదు. అప్పుడు ఎర్నమ్మ రెండు కిలోల వంకాయలు, అరకిలో చిక్కుళ్ళు, నాలుగు గోంగూర కట్టలు సంచిలో పోసింది.

"ఆగు!" అన్నారు డైరెక్టరు గారు. "ఏమిటవి?"

"కొసరు బాబూ."

"రెండు కిలోలు కొసరా?"

"నా సెయ్యి పెద్దది బాబూ. ఎవుల్నైనా అడగండి."

వరసలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. డైరెక్టరు గారు నియమావళి తెరవమన్నారు. తెరిచి పైకి చదివాను. "'అమ్మకమనగా, వెల పుచ్చుకుని వస్తువును ఇచ్చుట.' వెల పుచ్చుకున్నది మిరపకాయకి సార్. దానికి సర్టిఫికెట్ ఉంది. కొసరుకి వెల లేదు. కొసరు గురించి మనం ఎక్కడా ఏమీ రాయలేదు."

అందరిముందూ ఉన్నదున్నట్టు చదివినందుకు ఆయన నాకేసి మండిపడుతూ చూశారు. నేనేం చేసేది? చదవమన్నారు, చదివాను. మధ్యాహ్నానికి రెండు వందల పద్నాలుగు దిమ్మలూ తెరుచుకున్నాయి.

ఆ నెల నివేదిక అద్భుతంగా వచ్చింది. బజారులో అమ్ముడైన సరుకులో నూటికి నూరు శాతం సర్టిఫికెట్ ఉన్నదే! పైనుంచి డైరెక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది, దాన్ని పటం కట్టించి గోడకి వేలాడదీశాం. ఆ వెనకే ఆరోగ్య శాఖ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మీ ఊరి ప్రజలు నెల రోజులుగా కుటుంబానికి రోజుకొక మిరపకాయ తప్ప మరేమీ కొని తినడం లేదని మీ లెక్కల వల్ల తెలుస్తోంది, వారి కడుపుల పరిస్థితి ఏమిటి అని. ఇద్దరు డాక్టర్లు వ్యానులో వచ్చి ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ గుత్తివంకాయ కూరతో భోజనం పెట్టారు. మూడో రోజుకి వాళ్ళకే అజీర్తి చేసి వెళ్ళిపోయారు.

ఈలోగా మొక్కల మీద కాయలు అయిపోవచ్చాయి. దాంతో కాయని నాలుగు ముక్కలు చేసి అమ్మసాగారు. తర్వాత గింజల లెక్కన అమ్మారు. ఒక మిరపగింజ కొంటే మూడు కిలోల దుంపలు కొసరు. ఒక పెద్దాయన ఆ గింజ చేతిలోంచి జారి పడిపోతే, దిమ్మ కింద పావుగంట వెతికి దొరకబుచ్చుకుని, జేబురుమాల్లో మూటకట్టుకుని వెళ్ళాడు. సర్టిఫికెట్ మీద జనానికి ఎంత గౌరవం పెరిగిందో చూడండి అని నేను అదే రోజు నివేదికలో రాశాను.

డైరెక్టరు గారు మాత్రం ఊరుకోలేదు. మూడు రోజులు గది తలుపు వేసుకుని కొసరు నియంత్రణ నియమావళి తయారు చేశారు. అందులో కొన్ని భాగాలు నాకు కంఠస్థం.

"కొసరు మూడు విధములు. ఒకటి, అడిగిన కొసరు. రెండు, అడగని కొసరు. మూడు, గొణిగిన కొసరు. కొనుగోలుదారు సంచి మూతి తెరిచి ఉంచి, కదలకుండా నిలుచుండుట కూడా గొణుగుటగానే పరిగణింపబడును. ఏ విధమైన కొసరు అయినను, దాని బరువు అమ్మిన సర్టిఫికెట్ వస్తువు బరువును మించరాదు."

ఆ ఆఖరి వాక్యం దెబ్బ కొట్టింది. మిరపకాయ బరువుకి ఇంకో మిరపకాయే కొసరు వస్తుంది. బజారు మళ్ళీ మూతపడింది. ఎర్నమ్మ అయినా మానకుండా వంకాయలు పంచింది. మొదటి హెచ్చరిక వెళ్ళింది. వారం తిరిగేసరికి రెండోది కూడా వెళ్ళింది. అది ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఆవిడ కాగితం తీసుకుని దిమ్మని ఒకసారి అరచేత్తో తుడిచింది.

"ఇంకొక్కటి వొత్తే ఎల్లిపోవాలి గదా బాబూ?"

"ఆఁ."

"ఎక్కడికెల్తాను? ఇక్కడ కూకుంటేనే నానెవులో ఊరికి తెలుసు."

నాకు చాలా బాధ కలిగింది. ఆఫీసుకొచ్చి టీ కూడా తాగలేకపోయాను.

మా ఆఫీసు వెనక అరెకరంలో మాదిరి క్షేత్రం ఉంది. నలుగురు శాస్త్రవేత్తలు పన్నెండు పంటలు వేశారు. ఒక్కటీ మొలవలేదు. కానీ చెత్తకుప్ప పక్కన, ఎవరూ వేయకుండానే ఒక గుమ్మడి పాదు లేచి, ఒకే ఒక్క కాయ కాసింది. తూస్తే పద్నాలుగు కిలోలు! డైరెక్టరు గారు దానికి సర్టిఫికెట్ ఇచ్చి, స్టిక్కరు అంటించి, 'శుభారంభ ఫలం' అని పేరు పెట్టి బజారులో వేలం వేశారు. ఎర్నమ్మ పాడుకుంది. కాయ చేతికివ్వగానే ఆవిడ దాని బరువు చూసుకుని మురిసిపోయింది. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ వరసలో ముందే ఉంది.

"గుమ్మడికాయ ఇయ్యి ఎర్నమ్మా."

"తీసుకోండమ్మా. నూట పది."

మా ఆవిడ డబ్బిచ్చింది. ఎర్నమ్మ కాయని అపురూపంగా ఆవిడ చేతుల్లో పెట్టి, ఐదు కిలోల కూరగాయలు సంచిలో పోసింది. పద్నాలుగు కిలోల అమ్మకం మీద ఐదు కిలోల కొసరు, నియమావళికి లోబడే ఉంది.

"అబ్బ, బరువే తల్లీ ఇది. నువ్వే ఉంచుకో" అని మా ఆవిడ కాయని మళ్ళీ దిమ్మ మీద పెట్టింది.

"అయ్యో, ఉత్తి పున్నేనికి ఎందుకమ్మా?"

"ఉత్తినే కాదులేవే. నీకిచ్చిన డబ్బు మీద కొసరు."

నేను నియమావళి మూడుసార్లు తిరగేశాను. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకి వేసే కొసరు గురించే ఉంది. కొనేవాళ్ళు అమ్మేవాళ్ళకి వెయ్యకూడదని ఎక్కడా లేదు. నాకు ఫక్కున నవ్వొచ్చింది. డ్యూటీలో ఉన్నానని దగ్గుగా మార్చుకున్నాను.

ఆ కాయ ఒక్క పూటలో రెండు వందల సార్లు అమ్ముడుపోయింది. తక్కిన దిమ్మల వాళ్ళు ఎర్నమ్మని బతిమాలుకున్నారు. ఆవిడ కాదనే మనిషి కాదు. ఆకుకూరల వరసకి ఆరు నుంచి ఏడు, దుంపల వరసకి ఏడు నుంచి ఎనిమిది, ఇలా వంతులు వేసుకున్నారు. చివరికి దానికొక తోపుడు బండి, కింద మెత్తటి గడ్డి ఏర్పాటు చేశారు. పెళ్ళి సామాను కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా కాయ ఖాళీగా ఉందా అని కబురు పెట్టుకుని మరీ వచ్చేవాళ్ళు.

నెలాఖరు నివేదికలో అమ్ముడైన గుమ్మడికాయ యాభై ఎనిమిది టన్నులని తేలింది. కాయ వచ్చింది మా మాదిరి క్షేత్రం నుంచి కాబట్టి, ఆ దిగుబడి అరెకరానిదే అయింది. నేను డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, సార్, ఉన్నది ఒక్క కాయే అని చెప్పాను.

"సూపరింటెండెంటు గారూ, కాగితం మీద యాభై ఎనిమిది టన్నులుంది. మీరు కంటితో చూసింది ఒక్క కాయ. రెంటిలో పొరబడే అవకాశం దేనికెక్కువ? కన్నుకే కదా!"

ఆ కాగితం పైకి వెళ్ళింది. అరెకరంలో యాభై ఎనిమిది టన్నులంటే పైన నిద్రలు పట్టలేదు కాబోలు, కమిషనర్ గారే స్వయంగా బయలుదేరారు. ఆవిడ యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. ముందు మాదిరి క్షేత్రం చూపించమన్నారు. అక్కడ వయ్యారిభామ కలుపు మొక్కలు నడుమెత్తు ఉన్నాయి.

"పంటంతా బజారుకి తరలిపోయింది మేడమ్" అన్నారు డైరెక్టరు గారు.

బజారుకి వచ్చాం. ఎర్నమ్మ దిమ్మ మీద కాయ ఉంది.

"మిగతావి?"

"హాట్‌కేకుల్లా అమ్ముడుపోయాయి మేడమ్. జనంలో నమ్మకం అలా ఉంది."

"మంచిది. అయితే దీన్ని కొయ్యండి, రుచి చూద్దాం."

ఎర్నమ్మ రెండు చేతులూ కాయ చుట్టూ వేసి పట్టుకుంది.

"అమ్మా, నీకు దండం పెడతాను, కొయ్యకమ్మా. ఇది పోతే నా దిమ్మ పోద్ది. నాదే కాదు, అందరియీ పోతాయి."

డైరెక్టరు గారు ఆవిడ చేతులు విడిపించి కత్తి అందుకున్నారు. కత్తి దిగీ దిగగానే కాయ దానంతటదే విచ్చుకుంది. నెల రోజులు రోజుకి వందల చేతులు మారిన కాయ! లోపల నల్లటి గుజ్జు, పైకి తన్నుకొచ్చిన కంపు. ముందు వరస మొత్తం ముక్కులు మూసుకుని మూడడుగులు వెనక్కి వేసింది. కమిషనర్ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పై స్టిక్కరు మాత్రం నిగనిగలాడుతోంది.

"సర్టిఫికెట్ గడువు ఇంకా పదకొండు నెలలుంది మేడమ్" అన్నారు డైరెక్టరు గారు నీరసంగా.

కమిషనర్ గారి చూపు పక్కనున్న వంకాయల మీద పడింది. ఒకటి తీసి, తొడిమ దగ్గర నొక్కి చూశారు. ఇంకోటి తీశారు. వంటిల్లు తెలిసిన మనిషని నాకు అప్పుడర్థమైంది.

"లేతగా ఉన్నాయి. రెండు కిలోలు తూచమ్మా."

ఎర్నమ్మ చేతులు కట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, గొంతులో కోపం.

"అమ్మకూడదమ్మా. సర్టిపికెట్టు నేదు."

"పోనీ, ఊరికే ఇస్తావా?"

"ఊరికే ఇత్తే అది కొసరు. కొసరు ఎయ్యాలంటే ముందు ఏదో ఒకటి అమ్మాల. అమ్మీదాన్ని ఇప్పుడే మీరు కోసీసినారు."

కమిషనర్ గారు డైరెక్టరు గారి వైపు తిరిగారు. "ఈవిడకి సర్టిఫికెట్ ఎందుకివ్వలేదు?"

"ఈవిడ ఎప్పుడూ మందులు వాడలేదు మేడమ్. అందువల్ల అర్హత రాలేదు."

ఆ మాట పైకి అన్నాక, అదెలా వినిపించిందో ఆయనకే తెలిసింది. నుదురు తుడుచుకున్నారు.

"వాడలేదని మీకెలా తెలుసు?" అని అడిగారు కమిషనర్ గారు.

డైరెక్టరు గారు నియమావళి కోసం నా చేతికేసి చూశారు. అందులో ఈ ప్రశ్నకి జవాబు లేదని నాకు తెలుసు. జనంలోంచి మా ఆవిడ గొంతు ఖంగున మోగింది.

"చెప్పండి వరాహమూర్తి గారూ! మీ ఇంటావిడ రోజూ నా వెనకే కదా నిలబడుతుంది వరసలో! ఆ సంచి ఎవరింటికి వెళుతోందో చెప్పండి!"

జనం గొల్లుమన్నారు. డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. ఆయన పరీక్షలో జవాబు చెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకున్నారు.

"తిన్నాను మేడమ్. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఈవిడ వంకాయలే."

"తింటే ఏమైంది?"

"ఏమీ కాలేదు మేడమ్. చాలా బాగున్నాయి."

"అదే రాసివ్వండి."

ఎర్నమ్మ దిమ్మ మీదే కాగితం పెట్టి డైరెక్టరు గారు సర్టిఫికెట్ రాశారు. అందులో 'ఆధారము' అన్న గడి ఉంటుంది. ఇతర ఫైళ్ళలో అక్కడ ప్రయోగశాలల పేర్లూ, పద్నాలుగంకెల నంబర్లూ ఉంటాయి. ఆయన ఒక్కటే మాట రాశారు. 'తిన్నాను.' నా జేబులో ఎప్పుడూ ఉండే ముద్ర తీసి టక్కున వేశాను. నా సర్వీసులో అంత సంతోషంగా వేసిన ముద్ర ఇంకోటి లేదు. కమిషనర్ గారు వంకాయలు తూయించుకుని, డబ్బిచ్చి, కొసరు కరివేపాకుతో సహా పట్టుకెళ్ళారు.

ఇక్కడితో అయిపోతే అది ఆఫీసే కాదు. మర్నాడు పొద్దున్నే మిగతా రెండు వందల పదమూడు మందీ మా మెట్ల మీద ఉన్నారు. చేతుల్లో కారియర్లు.

"ఎర్నమ్మవి తిన్నారట. మాయి తినరేటి?"

ఒకరికి ఒక ఆధారం, ఇంకొకరికి ఇంకొక ఆధారం అంటే కుదరదు. కోర్టు కెళితే నిలవదు. కాబట్టి ఇంకో సర్క్యులరు తయారు చేశాం. దాని పేరు డైరెక్టరు భోజన నియమావళి. రోజుకి రెండు దిమ్మల కూరలు, మధ్యాహ్నం ఒంటిగంటకి, ఇద్దరు సాక్షుల సమక్షంలో ఆయన తినాలి. మర్నాడు ఉదయం పదిన్నరకి ఆయన స్వయంగా నడిచి ఆఫీసు మెట్లెక్కితే సర్టిఫికెట్ ఖాయం. ఎక్కలేకపోతే తిరస్కరణ. ఇది ప్రతి పంటకీ జరగాలి. వంతు వచ్చేదాకా తాత్కాలిక అనుమతి మీద అమ్ముకోవచ్చు.

మొదటి పదిహేను రోజుల్లో ఇద్దరివి తిరస్కరించాల్సి వచ్చింది. ఒక సొరకాయ రోజున ఆయన మూడో మెట్టు మీద కూలబడిపోయారు. ఆ సొరకాయలాయన ఏడుస్తూ, ఇక మందు జోలికి పోనని అక్కడికక్కడే ఒట్టేశాడు. ఆ తర్వాత బజారులో మందు కొట్టాలంటేనే జనం జంకుతున్నారు. కొట్టేది ఎవరి కూరకో, అది దిగేది ఎవరి కడుపులోకో అందరికీ తెలుసు మరి.

ఇప్పుడు మా ఊళ్ళో స్టిక్కర్లు ఎవరూ చూడరు. సంచులు పట్టుకుని పదీ ఇరవైకల్లా మా ఎదురుగా టీ కొట్టు దగ్గర గుమిగూడతారు. డైరెక్టరు గారు కారు దిగి, పదకొండు మెట్లూ ఎక్కి, పైన నిలబడి ఒకసారి చెయ్యి ఊపుతారు. 'ఆఁ, ఎక్కేశారు' అంటూ జనం బజారు దారి పడతారు. మొన్న మళ్ళీ సర్వే చేస్తే నమ్మకం నూటికి తొంభై ఆరు. మిగతా నలుగురూ ఆ రోజు టీ కొట్టు దగ్గరికి ఆలస్యంగా వచ్చినవాళ్ళట.

అంతా బాగానే ఉంది గానీ, నిన్న ఆయనకి జలుబు చేసింది. ఉత్త వాన జలుబే. పదిన్నరయింది, పదకొండయింది, ఆయన రాలేదు. జనం ఖాళీ సంచులతో ఇళ్ళకి వెళ్ళిపోయారు. బజారులో వంకాయ కదల్లేదు. ఆయన అసలు ఆఫీసుకే రాకపోతే నియమావళిలో ఒక్కరోజు గడువుంది; రెండో రోజు కూడా మెట్లెక్కకపోతే, జలుబుకి ముందు రోజు తిన్న రెండు దిమ్మలూ రద్దు. ఆ రెంటిలో ఒకటి ఎర్నమ్మది. కొత్త కాపు బెండకాయల కోసం వంతు వచ్చింది ఆవిడకి.

మధ్యాహ్నం ఫైలు మీద సంతకం కోసం వాళ్ళింటికి వెళ్ళేసరికి, ఎర్నమ్మ ఆయన మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో పొగలు కక్కుతున్న మిరియాల చారు. డైరెక్టరు గారు దుప్పటి కప్పుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని, గిన్నెలోకి అనుమానంగా చూస్తున్నారు.

"మిరియాలెక్కడివి? సర్టిఫికెట్ ఉందా?" అన్నారు.

ఎర్నమ్మ గిన్నె ఆయన నోటి దగ్గర పెట్టింది.

"తాగి సూసి మీరే రాయండి బాబూ."